స్పాకు వెళ్తున్నారా? ముందుగా మీ జబ్బు సంగతి చెప్పండి

బెల్జియం దేశంలో స్పా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ఊటనీళ్లలో స్నానం చేస్తే జబ్బులు తగ్గుతాయనే నమ్మకంతో జనం వందల ఏళ్ల నుంచి వెళ్తున్నారు. ఒళ్లు మర్దన, ఆవిరి స్నానం, పాదాల శుభ్రత చేసే చోట్లన్నిటికీ ఇప్పుడు ఆ ఊరి పేరే స్థిరపడింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలో స్పాలు చాలా వచ్చాయి. పెళ్లికూతుళ్లు వెళ్తున్నారు. దూరాన ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు కానుకగా డబ్బు కట్టి పంపిస్తున్నారు.

అలసిన శరీరానికి విశ్రాంతి అవసరమే. పనిలో అలసిన శిష్యులను ప్రభువు కూడా విశ్రాంతికి పిలిచాడు. అయితే ఒంట్లో ఉన్న జబ్బు సంగతి చెప్పకుండా బల్ల మీద పడుకుంటే ప్రమాదం. అక్కడ పనిచేసేవారు డాక్టర్లు కారు. మనం చెప్పకపోతే వారికి తెలిసే మార్గం లేదు.

షుగరు ఉన్నవారు

షుగరు చాలాకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నీళ్లు కాలుతున్నా తెలియదు, బ్లేడు తెగినా నొప్పి రాదు. ఆ చిన్న గాయమే పుండై, చీము పట్టి, వేలినో పాదాన్నో తీసేయవలసిన స్థితికి తీసుకురావచ్చు. అందుచేత, "నాకు షుగరు ఉందమ్మా, కాళ్లకు బ్లేడు పెట్టవద్దు, ఆనెలు కోయవద్దు" అని ముందే చెప్పండి. నీళ్ల వేడిని స్పర్శ సరిగా ఉన్నవారి చేత చూపించండి. పాదం మీద పుండు గాని పగులు గాని ఉంటే ఆ రోజు వెళ్లవద్దు.

ఆవిరి స్నానం

వేడికి రక్తనాళాలు వెడల్పై బి.పి. పడిపోతుంది. బి.పి. మాత్రలు వాడేవారు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆవిరి గదిలోకి వెళ్లరాదు. ఆరోగ్యవంతులకైనా 10 నుంచి 15 నిమిషాలు చాలు. ముందూ తరువాతా మంచినీళ్లు తాగాలి. మద్యం తాగి ఎవరూ వెళ్లకూడదు. గర్భిణులు ఆవిరి గదికీ వేడినీళ్ల తొట్టికీ దూరంగా ఉండాలి. మొదటి మూడు నెలల్లో తల్లి ఒళ్లు బాగా వేడెక్కితే బిడ్డ మెదడు, వెన్నుపాము ఎదుగుదలకు హాని కలగవచ్చు.

మర్దన, మెడ

ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే మర్దన చేయించుకోవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఇది ప్రాణాంతకం. రక్తం పలచబడే మందులు వాడేవారు గట్టిగా ఒత్తించుకోరాదు.

మెడను విసురుగా తిప్పి "టక్" మనిపించడానికి ఎవరినీ ఒప్పుకోకండి, క్షౌరశాలలో కూడా. తల కడిగేటప్పుడు మెడను ఎక్కువసేపు వెనక్కి వాల్చి ఉంచడమూ మంచిది కాదు. అలా తల కడిగించుకున్న తరువాత మెదడుకు రక్తప్రసరణ దెబ్బతిన్న 5 గురు స్త్రీల గురించి అమెరికా వైద్యుడు మైకేల్ వైన్‌ట్రాబ్ 1993లో వైద్యపత్రికలో రాశారు. ఇది అరుదే. అయినా మెడ కింద మెత్తని తువ్వాలు పెట్టమని అడగండి.

పనిముట్లు, తొట్లు

2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకే గోళ్ల సెలూనుకు వెళ్లిన 100 మందికి పైగా స్త్రీలకు కాళ్ల మీద మొండి కురుపులు లేచాయి. పాదాలు నానబెట్టే తొట్ల జల్లెడ వెనుక పేరుకున్న వెంట్రుకలు, మురికిలో సూక్ష్మక్రిములు పెరిగాయి. ముందుగా కాళ్లు షేవ్ చేసుకున్నవారికి ముప్పు ఎక్కువని తేలింది. కాబట్టి పాదాల శుభ్రతకు ముందు కాళ్లు షేవ్ చేసుకోవద్దు. తొట్టిని మీ ఎదుటే కడగమనండి.

హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. ఒకరి రక్తం అంటిన బ్లేడు, గోళ్ల కత్తెర మరొకరికి ఈ జబ్బును అంటించగలవు. కొత్త బ్లేడు మీ ముందే విప్పించండి. గోళ్ల కత్తెర ఇంటి నుంచి తీసుకెళ్లండి. ఈ వైరస్‌కు టీకా ఉంది. ఇంతవరకు వేయించుకోనివారు డాక్టరును అడగండి. ఒకరు వాడిన తువ్వాలు మరొకరు వాడితే తామర, గజ్జి అంటుకుంటాయి.

ఇంటికి వచ్చాక

ఆ రాత్రి పాదాలను వెలుతురులో చూసుకోండి. షుగరు ఉన్నవారు చిన్న గాయమైనా మర్నాడే చూపించుకోవాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోను చేయండి.

మన దేహం దేవుని ఆలయమని నమ్ముతున్నాం. దాన్ని ఇతరుల చేతికి అప్పగించే ముందు నాలుగు మాటలు అడగడానికి, మన జబ్బు చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. ప్రభువు మీ కుటుంబాలకు మంచి ఆరోగ్యం దయచేయును గాక.