దిబ్బ కాదు, మహాచైత్యము

తెనాలినుండి రేపల్లెకు బోవు రైలుమార్గమున భట్టిప్రోలను స్టేషను గలదు. నిత్యము ఎందరో ఆ మీదుగా ప్రయాణము చేయుచుందురు. బుద్ధభగవానుని ధాతువు నిక్షిప్తమైన క్షేత్రమును దాటి పోవుచున్నామని వారిలో నెఱిగినవా రెందరు? బర్మాదేశమున నిట్టి స్థల ముండినచో యాత్రికులు బండి దిగి, పాదరక్షలు విడిచి, పుష్పములతో ప్రదక్షిణము చేయుదురు. మనవారు కిటికీలోనుండి తొంగియైనను చూడరు.

మే మీ నడుమ ఆ గ్రామమునకు బోయి స్తూపావశేషమును దర్శించితిమి. నేడు కనబడునది కొంత యిటుకకట్టు, కొంత మట్టిగుట్ట. కాని యది పూర్వము సామాన్యమైన కట్టడము కాదు. పీఠభాగముకడ దాని వ్యాసము సుమారు 148 అడుగులు. లోపల గుల్ల లేక, నిండుగా నిటుకలతో పేర్చిన అండము, చుట్టును ప్రదక్షిణపథము. ఇంతటి మహాచైత్యమునకు జనులు పెట్టుకొన్న పేరు "లంజదిబ్బ"! వ్రాయుటకు లేఖిని సంకోచించు నీ పేరు ఇచ్చటనే కాదు, ఆంధ్రదేశమున మఱికొన్ని బౌద్ధస్థలములకును గలదు. పూజ్యమైనదానిని మఱచిన జాతి ముందుగా దాని పేరును చెఱచును. పేరు చెడిన పిమ్మట దానిని కాపాడవలెనను బుద్ధి ఎవరికి పుట్టును?

ఎవరికిని పుట్టలేదనుటకు చరిత్రయే సాక్షి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టాయంతటను కాలువలు, బాటలు వెలసినవి. నాటి ఇంజనీర్లకు భట్టిప్రోలు దిబ్బ ఇటుకలగనిగా దోచెను. ఇటుకలు బాటలక్రింద నలిగినవి. శిల్పులు చెక్కిన పాలరాతిపలకలు వెల్లటూరుకడ కాలువతూము కట్టడములో చేరినవి. ఆ కాలువనీరే మనకు అన్నము పెట్టుచున్నది. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని తూమునకు రాయి మఱియొకచోట దొరకదా? పరదేశపు టధికారికి అది వట్టి రాయి. మోసిన కూలీలు, బండ్లు తోలినవారు, చూచుచు నిలిచిన గ్రామపెద్దలు మనవారే. వారికిని అది వట్టి రాయియే యయ్యెను. మొదటి తప్పిదమునకు పరపాలనమును తప్పుపట్టవచ్చును. రెండవదానికి ఎవరిని తప్పుపట్టుదము?

1892లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రీ మిగిలిన భాగమును త్రవ్వించెను. స్తూపగర్భమున మూడు శిలామందసములు దొరికినవి. వానియందు స్ఫటికపు బరిణెలు, బంగారు పుష్పములు, ముత్యములు, పూసలు, ఎముకతునుక లుండెను. వీనికంటె విలువైనవి మందసములపై చెక్కిన అక్షరములు. వానిని జర్మను పండితుడు బ్యూలర్ చదివి 1894లో 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించెను. ఆ శాసనముల భాష ప్రాకృతము. కాలము క్రీస్తుపూర్వము మూడవ రెండవ శతాబ్దుల ప్రాంతమని పండితుల యూహ. అశోకుని బ్రాహ్మిలో హల్లునందు అకారము ఇమిడియే యుండును. ఇచ్చటి లేఖరి అకారమునకు ప్రత్యేకముగా గుర్తు చేర్చెను. ఆ గుర్తును చూచినప్పుడు మన తలకట్టు జ్ఞప్తికి రాకమానదు. ఈ లిపియే తెలుగులిపికి సాక్షాజ్జనని యనుటకు పండితులందరు సమ్మతింపరు. లేని గొప్ప చెప్పుకొనవలసిన యవసరము మనకును లేదు. ఉన్న గొప్పయే చాలును.

ఆ గొప్ప యేది? ఆ శాసనములలో కుబిరకుడను రాజు పేరున్నది. కాని దాతలు రాజొక్కడే కాదు. కురుడను వాడును, వాని తలిదండ్రులును, నిగమమునకు చెందినవారు, గోష్ఠిసభ్యులు వరుసగా తమ పేర్లతో కనబడుదురు. అనగా ఈ చైత్యము ఊరివారు, వర్తకులు కూడి నిలుపుకొన్నది. రెండువేలయేండ్లకు పూర్వమే సంఘముగా కూడి ధర్మకార్యము నెఱపినవారు మన పూర్వులు. కూడి కట్టినది వారు; కూడి మఱచినది మనము.

ఆ ధాతువు నేడెచ్చట? 1920లో ప్రభుత్వమువారు దానిని మహాబోధిసభ కొసంగిరి. కలకత్తా కాలేజిస్క్వేరులోని ధర్మరాజిక చైత్యవిహారమున నది ప్రతిష్ఠితమైనది. మందసములు చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరినవి. ఇటుకలు బాటలోను, పలకలు తూములోను గలిసినవి. దిబ్బ మాత్రము మనకు దక్కినది. వంగదేశీయులు ధాతువును గౌరవముతో నిలుపుకొన్నందుకు మనము సంతసింపవలయును. అయినను పుట్టినింట లేని పూజ పొరుగింట జరుగుచున్నదని తలచినప్పుడు ఆంధ్రహృదయము కొంత నొచ్చుకొనక మానునా?

బర్మాను మేము ఊరక స్మరింపలేదు. తూర్పుతీరమునుండి సువర్ణభూమికి నావలు పోయిన కాల మొకటి గలదు. శ్రీక్షేత్రసమీపమున 1926లో దొరికిన బంగారుఱేకులపై పాలిభాషలో బౌద్ధవాక్యము లున్నవి. వాని లిపి దక్షిణభారతపు లిపులకు చుట్టము. ఆ దేశమున సాల్వీను నదీతీరపు పా-ఆన్ పట్టణముచుట్టును గుహాలయములు గలవు. అందు కాగున్ గుహ గోడలనిండ చిన్న చిన్న మట్టి బుద్ధప్రతిమలే. అవి పాలరాతివి కావు, బంగారమువి కావు. భక్తుల చేతులే వానికి కావలి. రంగూనులోని శ్వేడగోనుకు ధాతువులను తెచ్చినవారు తపుస్సుడు, భల్లికుడు నను వర్తకసోదరులని బర్మీయుల విశ్వాసము. అచ్చటను వర్తకులే, ఇచ్చటను వర్తకులే. అచ్చటి చైత్యము బంగారుతొడుగుతో మెఱయుచున్నది. ఇచ్చటిది బాటకు రాయి యైనది. భేదము రాతిలో లేదు, మనుష్యుల జ్ఞాపకములో నున్నది.

అందఱును బౌద్ధులు కావలయునని మేము కోరుట లేదు. బాపట్లలో భావనారాయణస్వామిని సేవించువారు, చందవోలులో లింగోద్భవుని కొలుచువారు భట్టిప్రోలునకు వచ్చి తలవంచినచో వారి భక్తికి కొఱత కలుగదు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడి, భట్టిప్రోలు, రేపల్లె ఆ జిల్లాలో చేరినవి. క్రొత్త జిల్లాకు ఇంతకంటె ప్రాచీనమైన కీర్తి యేమి గలదు? తెనాలి, బాపట్ల, రేపల్లెల పాఠశాలల బాలురను, బాలికలను ఏటేట నచ్చటికి తోడ్కొని పోవలెను. మందసముల ప్రతిరూపములు, శాసనములు, వాని తెలుగు అర్థము స్తూపముచెంతనే చదువుకొనుటకు వీలు కల్పింపవలెను. దాతల పేర్లను పిల్లలు తమ నోట పలుకవలెను.

వీని కన్నింటికిని ధనము, ఉత్తర్వులు, కాలము కావలయును. ఒక్కపనికి మాత్రము ఇవేవియు నక్కఱలేదు: ఆ నీచనామమును నేటితో విడిచి, మహాచైత్యమని పిలుచుట. స్తూపమును తిరిగి నిలుపుటకు అదియే మొదటి యిటుక.