మడిస్తే మూటంత, విప్పితే పందిరంత

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో మన తెలుగువాళ్ల గరాజులు ఎప్పుడూ నిండే ఉంటాయి. పిల్లల సైకిళ్లు, బియ్యం బస్తాలు, బొమ్మల కొలువు పెట్టెలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సూట్‌కేసులు, అన్నీ అక్కడే సర్దుకోవాలి. పెద్ద ఆర్‌వీ కొని ఇంటి ముందు నిలుపుదామంటే చాలా కాలనీల్లో ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) ఒప్పుకోదు. అందుకే క్యాంపింగ్ మీద ఇష్టమున్న కుటుంబాలు మినీవ్యాన్‌తోనో, అంతకంటే కాస్త పెద్ద క్యాంపర్‌వ్యాన్‌తోనో సరిపెట్టుకుంటాయి. వారమంతా బడికీ, ఆఫీసుకీ, లివర్‌మోర్ గుడికీ తిరిగిన బండే శుక్రవారం సాయంత్రం డెల్ వాల్ సరస్సు దగ్గరికో, మౌంట్ డయాబ్లో కొండ మీదికో బయల్దేరుతుంది. రాత్రి పడుకోవడానికి ఆ బండి చాలు. పగలు వండుకోవడానికి, పిల్లలు పేకాడుకోవడానికి, పెద్దవాళ్లు ఎండ తగలకుండా కూర్చోవడానికి మాత్రం చాలదు. దానికి బండి పక్కన తగిలించే పందిరి కావాలి. ఇక్కడ దాన్ని ఆనింగ్ అంటారు.

కొనబోయేవాళ్లందరూ విప్పితే ఎంత వస్తుందని అడుగుతారు. మడిస్తే ఎంత అవుతుందో ముందు అడగమంటాను నేను. అందులోనూ మొదట చూడాల్సిన కొలత ఒకటుంది: మొత్తం సామగ్రిలో మడత పడని ముక్కల్లో అన్నిటికంటే పొడవైనది ఎంత? గుడ్డ ఎంత పెద్దదైనా మూట కట్టుకోవచ్చు, కర్రను కట్టలేం. రెండు వేల ఏళ్లుగా పందిళ్లు కట్టేవాళ్లు పెనుగులాడింది ఆ కర్రతోనే.

క్రీ.శ. 80లో తెరిచిన రోమ్ కొలోసియంలో ప్రేక్షకులకు ఎండ తగలకుండా వెలారియం అనే గుడ్డ కప్పు లాగేవారు. దానికోసం గోడ పైఅంచు చుట్టూ 240 స్తంభాలు నిలిపారని చెబుతారు. ఆ గుడ్డను విప్పడానికీ ముడవడానికీ నౌకాదళం నుంచి నావికులను రప్పించారు. గుడ్డను తాళ్లతో బిగించి గాలికి నిలబెట్టడం తెరచాపల వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు మరి. నేటి ఆనింగ్‌లో కూడా ఓడల విద్య మిగిలే ఉంది. తెరచాప అంచున తాడు కుట్టి, దాన్ని తెరచాప కొయ్య గాడిలోకి జార్చేవారు. ఇప్పుడు వ్యాన్ పైకప్పు పక్కన ఉండే సన్నటి అల్యూమినియం గాడిలోకి గుడ్డ అంచును జార్చడం కూడా అదే పద్ధతి. ఒకరు అంచును గాడిలోకి దోస్తూ ఉంటే ఇంకొకరు అవతలి నుంచి మెల్లగా లాగాలి. గాడిలో ఇసుక ఉంటే సగంలో పట్టేస్తుంది, అందుకే ముందు తడిగుడ్డతో తుడుచుకోవాలి.

మన వైపు శ్రీరామనవమికి వేసే చలువ పందిరికి ఈ బాధ లేదు. గుంజలు, వెదుళ్లు, తాటాకులు తెచ్చి అక్కడే వేసి అక్కడే విప్పేస్తారు. మోసుకుపోవాల్సి వచ్చినప్పుడే కర్ర పొడవు సమస్య అవుతుంది. మేడారం జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లే కుటుంబాలు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టాయి. బండినే ఒక పక్క గోడగా చేసుకుని, దానికి టార్పాలినో దుప్పటో కట్టి, అవతలి కొసను రెండు కర్రల మీదికి లాగుతారు. సగం బరువు బండి మోస్తుంది కాబట్టి వెంట తెచ్చుకోవాల్సిన కర్రలు సగానికి తగ్గిపోతాయి. క్యాంపర్‌వ్యాన్ ఆనింగ్ పనిచేసేదీ ఇదే సూత్రం మీద.

మోటారు బండికి ఆ సూత్రాన్ని అతికించి పేరు తెచ్చుకున్నది జర్మనీకి చెందిన వెస్ట్‌ఫాలియా. ఫోక్స్‌వాగన్ బస్సులో అమర్చుకుని మళ్లీ తీసేయగల క్యాంపింగ్ సామగ్రిని ఆ సంస్థ 1951లో మొదలుపెట్టింది. తర్వాత పక్కకు తగిలించే చారల గుడారాలు కూడా వచ్చాయి. ఆ పాత బస్సులకు పైకప్పు అంచున వాన నీరు జారే సన్నటి కాలువ ఉండేది, దానికి కొక్కెం వేస్తే సరిపోయేది. నేటి మినీవ్యాన్లకు ఆ కాలువ లేదు. కాబట్టి రూఫ్ ర్యాక్ కడ్డీకి కట్టాలి, లేదా అతికించే గాడి వేయించుకోవాలి, లేదా అయస్కాంతాలు వాడాలి. కప్పు ఉక్కుదైతేనే అయస్కాంతం పట్టుకుంటుంది, అల్యూమినియం కప్పుకు పట్టుకోదు. డబ్బు కట్టే ముందు ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ ఒకటి తీసుకెళ్లి మీ బండి కప్పు మీద పెట్టి చూడండి.

ఇక కర్ర సంగతి. కర్రను పొట్టి చేసిన కథలో సగం శాన్ రామన్ చుట్టుపక్కలే నడిచింది. 1930లలో జపాన్‌కు చెందిన సుమిటోమో, అల్యూమినియంలో జింకు కలిపి చాలా బలమైన మిశ్రలోహం తయారు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జీరో యుద్ధవిమానాలకు వాడింది దాన్నే. 1943లో అమెరికా సంస్థ అల్కోవా అలాంటి లోహాన్నే మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు దాన్ని 7075 అంటున్నాం. మామూలు అల్యూమినియం గొట్టాన్ని ఎక్కువగా వంచితే వంకర అలాగే ఉండిపోతుంది. 7075 గొట్టం బాగా వంగినా తిరిగి నిటారుగా నిలుస్తుంది. 1939 నుంచి అల్యూమినియం బాణాలు చేసిన కాలిఫోర్నియా తయారీదారు డగ్ ఈస్టన్ సంస్థ తర్వాత గుడారాల కర్రలూ చేసింది. సన్నని గొట్టపు ముక్కల లోపలి నుంచి సాగే తాడు వెళ్తుంది, కలిపితే నాలుగు మీటర్ల కర్ర, విడదీస్తే అర మీటరు కట్ట.

శాన్ రామన్ ఉన్న కాంట్రా కోస్టా కౌంటీలోనే, పాయింట్ రిచ్‌మండ్‌లో 1965లో క్యాంపింగ్ సామగ్రి చేసే సియెర్రా డిజైన్స్ మొదలైంది. 1975లో, బర్క్‌లీలో పనిచేస్తున్న నార్త్ ఫేస్, ఓవల్ ఇంటెన్షన్ అనే గుడారాన్ని తెచ్చింది. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోళాకార కట్టడాల నుంచి ఎత్తుకున్న ఊహ అది. సన్నటి కర్రలను వంచి ఒకదాని మీద ఒకటి దాటేలా వేస్తే, ఆ వంపులోని బిగువే కట్టడానికి బలమవుతుంది. నిటారు గుంజ మీద గుడ్డ ఆరేసే పద్ధతిలో కర్ర లావుగా ఉండి తీరాలి, ఇక్కడ సన్నగా ఉంటేనే మంచిది. ఇప్పుడు మడతపడే కుటుంబ గుడారాల్లో చాలావాటికి పునాది ఈ ఆలోచనే.

కర్రను పూర్తిగా వదిలేద్దామన్న ఆలోచన అంతకన్నా పాతది. బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1917లో గాలి ఒత్తిడితో నిలబడే యుద్ధ ఆసుపత్రి గుడారానికి పేటెంటు కోరాడు. అది కాగితం దాటలేదు. 1970 ఒసాకా ప్రదర్శనలో యుతాకా మురాతా రూపొందించిన ఫుజీ పెవిలియన్ మాత్రం నిజంగానే నిలబడింది. అందులో 4 మీటర్ల వ్యాసం, 78 మీటర్ల పొడవు ఉన్న 16 గాలి గొట్టాలను విల్లులా వంచి పక్కపక్కన పెట్టారు. మనం కొనే గాలి ఆనింగ్ దానికి చిన్న తమ్ముడే. లోపల గాలి నిలిపే ప్లాస్టిక్ ట్యూబు, బయట సాగని నేత ఒర, సైకిల్ ట్యూబూ టైరూ ఉన్నట్టే. గొట్టం ముడత పడకుండా ఎంత వంపును తట్టుకుంటుందో రెండే నిర్ణయిస్తాయి: లోపలి ఒత్తిడి, వ్యాసార్థపు ఘనం. అంటే గొట్టం లావు రెట్టింపైతే బలం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే గాలి గొట్టాలు అంత బొద్దుగా ఉంటాయి, అందుకే మడిచినా మూట పెద్దదే. పొడవైన కర్ర పోయింది, లావైన మూట వచ్చింది. పంపు కూడా వేరే మోయాలి. చిన్నగా మడిచేది కావాలని గాలి ఆనింగ్ కొనేవాళ్లు ఈ మాట విని కొనాలి. అది చాలా త్వరగా నిలబడుతుందన్నది నిజమే, చిన్నగా మాత్రం అవదు.

శాన్ రామన్ చుట్టుపక్కల మన లోయల్లో గాలి ఆనింగ్‌కు ఇంకో సంగతి ఉంది. పొద్దున 15 డిగ్రీల చలిలో 0.5 బార్ ఒత్తిడికి గాలి కొట్టారనుకోండి. మధ్యాహ్నం ఎండలో గొట్టంలోని గాలి 40 డిగ్రీలకు చేరితే ఒత్తిడి సుమారు 0.63 బార్ అవుతుంది, అంటే పావు వంతు ఎక్కువ. బయటి గాలి ఒత్తిడిని కూడా కలుపుకుని లెక్కవేయాలి కాబట్టి పెరుగుదల అంత వస్తుంది. పొద్దున కొంచెం తక్కువగా కొట్టాలి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ చూసుకోవాలి.

గాలి వీచే తీరు కూడా ఇక్కడ ప్రత్యేకం. వేసవిలో సెంట్రల్ వ్యాలీ వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం వైపు నుంచి చల్లగాలి ఆల్టమాంట్ కనుమ గుండా దూసుకొస్తుంది. ఆ కొండల మీద వరసగా నిలిచిన గాలిమరలను సాయంత్రాల్లో జోరుగా తిప్పేది ఈ గాలే. శరదృతువులో దిక్కు మారి, లోపలి వైపు నుంచి పొడిగా డయాబ్లో గాలి వీస్తుంది. వీచే గాలి తోపు దాని వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ఎదురు నిలిచిన చదరపు మీటరు గుడ్డ మీద దాదాపు 6 కిలోల తోపు ఉంటే, 72 కిలోమీటర్ల వేగంలో అది 25 కిలోలవుతుంది. మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న పక్క తెరకు ఈ లెక్క కట్టి చూస్తే మేకులు ఎందుకు పెరుక్కుపోతాయో తెలుస్తుంది. గాలి జోరు పెంచిందంటే తెరలు తీసి కప్పు ఒక్కటే వాల్చి ఉంచాలి, లేదా మొత్తం దింపేయాలి. బండికి బిగించిన పెట్టె ఆనింగ్‌లకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో గుడ్డ పెట్టెలోకే చుట్టుకుపోతుంది కాబట్టి మూటే ఉండదు, డిక్కీ ఖాళీగా మిగులుతుంది. కానీ మూడు మీటర్ల అల్యూమినియం పెట్టెను ఏడాదంతా బండి మీద మోయాల్సి వస్తుంది.

నేను ఎంచుకునేది కప్పు ఎక్కువగా, గోడలు తక్కువగా ఉన్నదాన్ని. మార్కెట్లో దొరికే పెద్ద పందిళ్లలో చాలావి బ్రిటన్ వానలను దృష్టిలో పెట్టుకుని కుట్టినవి, చుట్టూ గోడలు, కింద కుట్టేసిన నేలగుడ్డ. మన లోయల్లో మే నుంచి సెప్టెంబరు దాకా వాన అరుదు. గోడలూ నేలా విడిచిపెడితే మూట సగం తగ్గుతుంది, ఒక దోమతెర విడిగా పెట్టుకుంటే చాలు. రెండున్నర మీటర్లు ఇంటు మూడు మీటర్ల కప్పు, ముక్కలుగా విడిపోయే రెండు కర్రలు, విడిగా తగిలించుకునే రెండు తెరలు ఉంటే ఆరుగురు హాయిగా కూర్చుంటారు. అన్నట్టు, బ్రిటన్‌లో దిగే తలుపు ఎడమ పక్క ఉంటుంది, అమెరికాలో కుడి పక్క. ఒక పక్కకే సరిపోయేలా కుట్టిన బ్రిటిష్ ఆనింగ్ ఇక్కడి బండికి ఎడమ కుడి తారుమారవుతుంది. దుకాణంలో ఎవరూ ఈ సంగతి చెప్పరు.

గుడ్డ విషయంలో పాలిస్టర్ వైపే నా మొగ్గు. నైలాన్ తేలికే కానీ తేమను పీల్చుకుని తడిస్తే సాగి వేలాడుతుంది, ఎండకు త్వరగా బలం తగ్గుతుంది. 1961లో గ్లెన్ రావెన్ సంస్థ తెచ్చిన సన్‌బ్రెల్లా అక్రిలిక్ ఎండకు అన్నిటికంటే బాగా నిలుస్తుంది, మడిస్తే మాత్రం దుప్పటంత మందం. రంగు లేత బూడిద తీసుకోండి. ఎర్ర పందిరి కింద అందరి ముఖాలూ, అన్నమూ ఎర్రబడతాయి. రోమన్ కవి లుక్రీషియస్ రంగురంగుల గుడ్డ కప్పుల కింది జనానికి ఆ రంగులే అంటుకోవడాన్ని రెండు వేల ఏళ్ల కిందటే గమనించాడు.

తడి గుడ్డను మూట కట్టి గరాజులో పడేస్తే పాలీయురేథేన్ పూత జిగటగా మారి, వాసన పట్టి, క్రమంగా ఊడిపోతుంది. హాఫ్ మూన్ బే వైపు పొగమంచులో తడిసొస్తే ఇంటికి రాగానే కంచె మీద ఆరబెట్టాల్సిందే. మడిచేటప్పుడు ఇద్దరు చెరో కొస పట్టుకుని మధ్యకు మడవాలి, చుట్టే దిక్కున మోకాలితో నొక్కుతూ గాలి వెళ్లగొట్టాలి. ఎంత నొక్కినా ఫ్యాక్టరీలో యంత్రం వేసిన మడత మళ్లీ రాదు. డబ్బా మీద రాసిన కొలతకు ఒక పావు వంతు కలుపుకుని మీ డిక్కీ కొలుచుకోండి, దానితో వచ్చే సంచి బదులు బిగింపు పట్టీలున్న వెడల్పాటి సంచి వేరే కొనుక్కోండి.