రంపం తిరుగుతోంది... వేళ్లు జాగ్రత్త!

మధురవాడలోనో, పీఎం పాలెంలోనో కొత్త అపార్టుమెంట్ల మధ్య ఓ పది నిమిషాలు నిలబడండి. సముద్రపు హోరు వినిపించినా వినిపించకపోయినా 'జుయ్‌య్‌...' అన్న మోత మాత్రం ఖాయం. ఏదో ఒక ఫ్లాటులో ఎవరో ఒకరు ప్లైవుడ్ కోస్తుంటారు. ఒకప్పుడు ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని పూటంతా లాగిన కోతని ఇప్పుడు కరెంటు రంపం నిమిషాల్లో ముగించేస్తోంది. వడ్రంగులకే కాదు, ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి సెలవు రోజున సొంతంగా ఓ బల్ల చేసుకుందామని సరదాపడే ఉద్యోగస్తులకూ అది అందుబాటులోకి వచ్చింది. చిక్కల్లా ఒక్కటే. దాని పళ్లకి చెక్కకీ వేలికీ తేడా తెలియదు!

ఎంత వేగమంటే...

చేత్తో పట్టుకుని వాడే ఏడంగుళాల చక్రపు రంపం నిమిషానికి దాదాపు 5 వేల చుట్లు తిరుగుతుంది. లెక్క కడితే అంచున ఉండే పన్ను వేగం గంటకు సుమారు 175 కిలోమీటర్లు. విశాఖవాసులకి ఈ అంకె ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నగరంలో చెట్లని కూకటివేళ్లతో పెకలించిన గాలి వేగం కూడా ఇంచుమించు అంతే. ఆ వేగాన్ని జానెడు చక్రంలో పెట్టి మన చేతికిస్తున్నారన్నమాట.

దీని పుట్టుక వెనక చెరకు తోట ఉందంటే అనకాపల్లి బెల్లం రైతులు ముచ్చటపడతారేమో. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన, రైతులు పెద్ద కత్తులతో చెరకు నరకడం చూసి ఆ కత్తికే మోటారు తగిలిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాడట. 1920ల్లో అదే చేతి రంపమై బజారుకెక్కింది.

అసలు ముప్పు నాలుగంగుళాలది

మన దగ్గర చాలామంది వాడేది ఈ రంపం కూడా కాదు. 'కట్టర్' అని పిలిచే నాలుగంగుళాల మార్బుల్ మిషన్. టైల్సు కోయడానికి చేసిన దానికి చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించి పని కానిచ్చేస్తారు. చవక, తేలిక, ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా దొరుకుతుంది. కాదనలేం. కానీ అది నిమిషానికి 12 వేలు, 13 వేల చుట్లు తిరుగుతుంది. అంచు వేగం గంటకు 250 కిలోమీటర్లకు పైమాటే! రాయి కోసే బ్లేడుకి పళ్లుండవు, అరగదీస్తూ పోతుంది. పళ్ల బ్లేడు అలా కాదు, అందినదాన్ని పట్టి లాగుతుంది. చెక్క రంపానికైతే కింది సగాన్ని కప్పే స్ప్రింగు గార్డు ఉంటుంది. కోత అవగానే టక్కున మూసుకుంటుంది. కట్టర్‌కి అది లేదు. పైపెచ్చు స్విచ్‌ని నొక్కి లాక్ చేసే బొత్తం ఒకటి. చేయి జారినా మిషన్ ఆగదు. దాన్నే తిరగేసి బల్లకింద బిగించి, పైకి వచ్చిన బ్లేడు మీద చెక్కని చేత్తో తోసేవాళ్లూ ఉన్నారు. 'ఏటవుతాదిలే' అనే ధీమాయే దానికి గార్డు! కొత్తగా నేర్చుకునేవారు నాలుగు డబ్బులు ఎక్కువైనా ఏడంగుళాల చెక్క రంపమే కొనుక్కోవాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

వెనక్కి ఎందుకు తంతుంది?

రంపం పట్టినవాళ్లని ఎక్కువగా భయపెట్టేది వెనక్కి ఎగరడం. రెండు స్టూళ్ల మీద చెక్క వేసి సరిగ్గా మధ్యలో కోశారనుకోండి. సగం తెగేసరికి చెక్క కిందికి వంగుతుంది. కోసిన గాడి పైన మూసుకుని బ్లేడుని నొక్కేస్తుంది. తిరిగే దారి లేక రంపం ఎగిరి మన మీదకే వస్తుంది. సాయం పట్టే కుర్రాడు మంచికే అనుకుని చివర పైకెత్తినా ఇదే జరుగుతుంది. అందుకే ఉంచుకోవాల్సిన భాగాన్ని బల్లకి క్లాంపులతో బిగించి, తెగిపడే ముక్కని స్వేచ్ఛగా పడనివ్వాలి. పెద్ద షీటైతే నేలమీద థర్మోకోల్ పలక పరిచి దానిపై కోయడం ఇంకా నయం. మనం కోత గీతకి నేరుగా వెనక కాకుండా కాస్త పక్కకి నిలబడాలి. రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి. రెండో చేయి చెక్క కిందికి పోయిందంటే... చెప్పక్కర్లేదు.

బ్లేడుని పూర్తిగా దించేయడం కొత్తవారికి అలవాటు. అవసరం లేదు. చెక్క మందం దాటి ఒక పన్ను ఎత్తు, అంటే నాలుగైదు మిల్లీమీటర్లు బయటికొస్తే చాలు. పళ్లు కిందినుంచి పైకి కోస్తాయి కాబట్టి పేడు లేచేది పై ముఖానే. సన్‌మైకా ఉన్న వైపుని కిందికి పెడితే అంచు శుభ్రంగా వస్తుంది. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకి తగిలించాలి. తర్వాత తోయాల్సిన పనిలేదు, దాని దారిన అదే పోతుంది. తోయాల్సి వస్తోందంటే పళ్లు మొద్దుబారాయని గుర్తు. పాత గుమ్మాల చెక్క అయితే ముందు మేకులు వెతికి తీసేయండి.

ప్లగ్గు దగ్గర కథ వేరు. సాకెట్లో ఉత్త వైర్లు దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం సైట్లలో మామూలే. విశాఖ ఉక్కపోతలో చెమట పట్టిన చేతితో అలాంటి మిషన్ పట్టుకోవడం ప్రాణంతో చెలగాటం. మంచి ప్లగ్గు, ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ కాదు, ప్లగ్గే పీకాలి. మెడలో తువ్వాలు, వేలాడే లుంగీ, మణికట్టు దారాలు వద్దు. కళ్లద్దాలు, చెవులకి మఫ్స్, ముక్కుకి మాస్కు కావాలి. చెక్క పొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థే చేర్చింది మరి.

ఇన్ని చేసినా వేలు తెగితే? శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి పట్టుకోవాలి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు తెగిన ముక్కని వెతకాలి. దాన్ని తడి గాజుగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఆ సంచిని ఐసునీళ్లలో ఉంచాలి. ముక్కని నేరుగా ఐసులో వేస్తే కణాలు గడ్డకట్టి అతకడానికి పనికిరాకుండా పోతుంది. చేతికి ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయండి.