హెడ్‌మాస్టారికి రెండు ఖాతాలు: తెలుగు టైపింగ్‌లో కనిపించని క్యారెక్టర్ ఎక్కడ పెట్టాలి?

సామర్లకోటలో మా మావయ్యకి కిరాణా కొట్టు ఉంది. అరువు ఖాతాలు రాసుకోవడానికి ఆయనకి ఒక చిన్న యాప్ రాసిచ్చాను. పోయిన నెల ఫోన్ చేశాడు. "ఏరా అల్లుడూ, హెడ్‌మాస్టారు గారు 1,450 బాకీ అని చూపిస్తోంది నీ యాప్. అడిగితే, మొన్ననే ఇచ్చేశాను కదయ్యా అని చిన్నబుచ్చుకున్నారు. కొట్లో నలుగురి ముందు అడిగేశాన్రా!"

డేటాబేస్ తీసి చూస్తే హెడ్‌మాస్టార్లు ఇద్దరున్నారు. బాకీ ఒకరి పేరు మీద, కట్టిన డబ్బు ఇంకొకరి పేరు మీద. మొదటి పేరు మా బావ ల్యాప్‌టాప్‌లో కొట్టాడు: హెడ్‌మాస్టారు. డబ్బు జమ చేసేటప్పుడు మావయ్య ఫోన్‌లో కొట్టాడు: హెడ్మాస్టారు. సెర్చ్‌లో పాత పేరు దొరక్క, యాప్ కొత్త ఖాతా తెరిచేసింది. మొదటి పేరు పొడవు 13 క్యారెక్టర్లు, రెండోది 12. ఆ ఎక్కువ ఉన్న ఒక్కటే జీరో విడ్త్ నాన్ జాయినర్.

ఇది చేసే పని ఏంటి?

తెలుగులో క, డ, మ లాంటి హల్లులకి "అ" కలిసే ఉంటుంది. ఆ అచ్చుని తీసేసే గుర్తు పొల్లు. పొల్లు తర్వాత వెంటనే ఇంకో హల్లు వస్తే, ఫాంట్ దాన్ని ఒత్తు చేసేస్తుంది. డ, పొల్లు, మ వరసగా వస్తే "డ్మ" అవుతుంది. "వీటిని కలపకు, పొల్లుని పొల్లుగానే చూపించు" అని చెప్పడానికి వాడే క్యారెక్టరే ఇది. యూనికోడ్‌లో దీని నంబర్ యు+200సి. దీనికి వెడల్పు లేదు, అందుకే స్క్రీన్ మీద కనిపించదు.

గుర్తుల గొడవ మనకొక్కరికే లేదు. స్పానిష్‌లో "పాపా" అనే పదం చివరి అచ్చు మీద చిన్న గీత ఉంటే నాన్న, లేకపోతే బంగాళాదుంప. మన అరసున్న కూడా ఒకప్పుడు ఇలాంటి పనే చేసేది: ఏడు అంటే 7, ఏఁడు అంటే సంవత్సరం. ఇప్పుడు అరసున్న మానేశాం. సందర్భాన్ని బట్టి మనుషులకి అర్థమైపోతుంది. సెర్చ్ బాక్స్‌కి మాత్రం సందర్భం తెలీదు కదా!

నేను పాటించే 4 రూల్స్

1. మామూలు తెలుగు ఒత్తుల్లో వద్దు. అమ్మ, పుస్తకం, సామర్లకోట. ఒత్తు ఒత్తుగానే ఉండాలి.

2. రెండు ఇంగ్లీష్ మాటలు అతుక్కున్న చోట పెట్టాలి. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, ఆన్‌లైన్. మా ఊరికి రైల్వే ఇంగ్లీష్‌లో రాసే పేరుని తెలుగులో రాస్తే సామల్‌కోట్. అక్కడా కావాలి.

3. ఒకే మాట లోపల హల్లులు కలిస్తే ఒత్తే. స్టేషన్, ట్రైన్, బ్రేక్. హెడ్‌మాస్టారులో ఈ రెండు రూల్సూ ఉన్నాయి చూడండి: "డ్" తర్వాత కావాలి, "స్టా"లో వద్దు.

4. పొల్లుతో ఆగిన మాటకి లో, కి, తో చేర్చేటప్పుడు పెట్టాలి. ఫోన్‌లో, యాప్‌కి. "ఫోన్లో" అని రాసేవాళ్ళూ చాలామందే, అదీ తప్పు కాదు. ఏదో ఒక పద్ధతి పట్టుకుంటే చాలు. బస్సులో, కారుకి లాంటి వాటికి పొల్లే లేదు కాబట్టి గొడవే లేదు.

మీ కీబోర్డ్‌లో దీనికి బటన్ కనిపించకపోతే, సరిగ్గా ఉన్న పదాన్ని ఒకసారి కాపీ చేసి, పర్సనల్ డిక్షనరీలో షార్ట్‌కట్‌గా పెట్టుకోండి. ఐఫోన్‌లో అయితే టెక్స్ట్ రీప్లేస్‌మెంట్.

చోటు తప్పితే?

2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు క్రాష్ అయ్యాయి. ఆ అక్షరం లోపల జ, పొల్లు, ఞ, తర్వాత ఈ కనిపించని క్యారెక్టర్, ఆ తర్వాత దీర్ఘం ఉన్నాయి. హల్లుకి, దాని దీర్ఘానికి మధ్య దీనికి పనే లేదు. అయినా ఎవరో ఏదో తప్పు కొడితే ఫోన్ పడిపోకూడదు కదా. తప్పు సాఫ్ట్‌వేర్‌దే. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది.

కోడ్ రాసేవాళ్ళకి

నా తప్పూ అలాంటిదే. ముందు ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ పెట్టి చూశాను. అది "ఐ" గుర్తుని రెండు ముక్కలుగా దాచినా ఒకటి చేస్తుంది కానీ, ఈ క్యారెక్టర్ జోలికి వెళ్ళదు. కాబట్టి పేరుని రెండు రకాలుగా దాచాను. చూపించడానికి యూజర్ కొట్టింది కొట్టినట్టు. వెతకడానికి నార్మలైజ్ చేసి, యు+200సి తీసేసిన కాపీ. చూపించే పేరులోంచి మాత్రం తీసేయకండి, సాఫ్ట్‌వేర్ కాస్తా "సాఫ్ట్వేర్" అయి కూర్చుంటుంది. సెర్చ్‌లో దొరికిన పేర్లని మాత్రం ఆటోమేటిక్‌గా కలిపేయకుండా, "వీరేనా?" అని అడిగేలా పెట్టాను.

ఇక్కడ టైపింగ్ తప్పు మావయ్యది కాదు, బావదీ కాదు. ఒకే పేరుని ఇద్దరు రెండు రకాలుగా రాస్తారని ముందే అనుకోవాల్సింది నేను. రెండు ఖాతాలూ కలిపితే బాకీ సున్నా వచ్చింది. ఆ సాయంత్రం మావయ్య హెడ్‌మాస్టారు ఇంటికి వెళ్ళి, "పొరపాటు మా యాప్‌దేనండి" అని చెప్పి వచ్చాడు.