తెరపై పాత్రలున్నాయి.. మరి ఆఫీసులో కుర్చీ? దివ్యాంగులకు విజయనగరంలో వందేళ్ల కిందటే దొరికిన ఉద్యోగం

‘రాజా ది గ్రేట్’లో రవితేజకు చూపు ఉండదు. ‘రంగస్థలం’లో రామ్‌చరణ్‌కు సరిగా వినపడదు. ‘ఊపిరి’లో నాగార్జున వీల్‌చైర్‌కే పరిమితం. ఈ ముగ్గురికీ నిజ జీవితంలో ఆ ఇబ్బందులేవీ లేవు. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ తన కథలో తానే నటించిన ‘మయూరి’ లాంటివి అరుదు. అది 1985 నాటి మాట.

సరే, నటన సంగతి పక్కన పెడదాం. ఉద్యోగాల మాటేంటి?

ఈ విషయంలో ఉత్తరాంధ్రకు పెద్ద చరిత్రే ఉంది. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల పెట్టడానికి కారణం చూపు లేని ఓ కుర్రాడని చెబుతారు. ఆస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకు సంగీతం నేర్పించాలని రాజావారు అనుకున్నారట. అదే కాలేజీకి చదువుకుందామని వచ్చారు ద్వారం వెంకటస్వామినాయుడు. చిన్నప్పటి నుంచీ ఆయనకు చూపు బాగా తక్కువ. ఆయన వయొలిన్ విన్నాక, స్టూడెంట్‌గా కాదు, ఏకంగా లెక్చరర్‌గా తీసుకున్నారు. అప్పుడాయన వయసు 26. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి.సుశీల చదివింది కూడా ఆ కాలేజీలోనే.

ఇక ఇప్పటి సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు చానెళ్లకు, స్టూడియోలకు ఈ కోటా వర్తించదు. అలాగని వాళ్లకు బాధ్యతే లేదనుకుంటే పొరపాటు. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ ‘సమాన అవకాశాల విధానం’ ప్రకటించాలి. ఏ పోస్టులు దివ్యాంగులకు సరిపోతాయో, ఏ సదుపాయాలు ఇస్తారో అందులో రాయాలి. ఈ పనులు చూడటానికి ఒక లైజన్ ఆఫీసర్‌నూ పెట్టాలి. శ్రీకాకుళంలో డిగ్రీ చేసి న్యూస్ డెస్క్ ఉద్యోగం వెతుక్కునే యువకుడు ముందుగా అడగాల్సింది ఈ కాగితాన్నే.

అసలు చిక్కు ఒక్కోసారి చాలా చిన్నది. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడతారు. అది యూనికోడ్ తెలుగును చదివి వినిపిస్తుంది. అదే అను ఫాంట్లలో టైప్ చేసిన కాపీ అయితే దానికి అర్థంకాని గుర్తులే. భాష బాగా వచ్చినా, ఫాంట్ దగ్గరే పని ఆగిపోతుంది. ఆఫీసు యూనికోడ్‌కు మారితే చాలు.

2024 జులైలో సుప్రీంకోర్టు కూడా ఓ సినిమా కేసులో దివ్యాంగులను ఎగతాళిగా చూపించొద్దని, వాళ్లనే సంప్రదించి పాత్రలు రాయాలని సూచించింది.

హక్కులకు భంగం కలిగితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది.