చిన్న కమతంలో పుంగనూరు ఆవు

చిత్తూరు ప్రాంతపు మెట్ట నేలల్లో రూపుదిద్దుకున్న పుంగనూరు జాతి ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. ఎదిగిన ఆవు ఎత్తు సాధారణంగా 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోల మధ్య ఉంటుంది. ఎండుగడ్డి, చొప్ప, గట్ల మీది పచ్చికతోనే కరువును తట్టుకోగలగడం దీని అసలు బలం కనుక, రోజుకు సుమారు 5 కిలోల మేతతో సరిపెట్టుకునే ఈ ఆవు ఒకటి రెండు ఎకరాల రైతుకు భారం కాదు. పాలు కొద్దిగానే ఇచ్చినా వాటిలో వెన్న శాతం ఎక్కువ. పేడ, మూత్రం ప్రకృతి సేద్యంలో జీవామృతం తయారీకి పనికివస్తాయి. అయితే పాల అమ్మకంతోనే ఇల్లు గడవాలనుకునేవారికి ఇది తగిన పశువు కాదు.

అధిక పాల కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వ్యాపించడంతో క్షీణించిన ఈ జాతిని పలమనేరు పశు పరిశోధనా కేంద్రం సంరక్షిస్తోంది. ఇటీవల ముచ్చట కోసం మరింత పొట్టి దూడలను కోరేవారు పెరగడం ఆందోళనకరం. ఎత్తు తగ్గించాలన్న ఆశతో దగ్గరి రక్తసంబంధం గల పశువులను పదే పదే జతకట్టిస్తే, అంటే అంతఃప్రజననం జరిపిస్తే, సంతాన సామర్థ్యం, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయి. కొనదలచినవారు దూడ ఎత్తు కన్నా ముందు దాని తల్లిదండ్రుల వివరాలు అడగాలి, మంద జీవి కనుక కనీసం రెండింటిని కలిపి పెంచాలి.