మీకు తెలుసా? సంగటి ముద్ద దిగే దారిలో ఇన్ని వింతలు!

చిత్తూరు వైపు సంగటిని నమలరు. ముద్ద చేసి, చెనిక్కాయల చట్నీలో అద్ది, గుటుక్కున మింగుతారు! ఆ ముద్ద గొంతు దాటి పొట్టలో పడేదాకా జారే గొట్టమే అన్నవాహిక. పొడవెంతో తెలుసా? సుమారు 25 సెంటీమీటర్లు! జానెడు కన్నా కాస్త ఎక్కువ, అంతే!

దాని లోపలి పొర ఎప్పుడూ కొత్తదే! పైనున్న పాత కణాలు రాలిపోతుంటాయి, అడుగు నుంచి కొత్తవి పైకొస్తుంటాయి. ఎలుకల్లో లెక్కేస్తే అడుగు కణం వారానికి దాదాపు 2 సార్లు చీలుతోంది! ఇంకో చిత్రం వినండి. అక్కడ కొత్త కణాల్ని పుట్టించే పెద్ద మూలకణం, మామూలు చిన్న కణం అన్న తేడాలే కనబడలేదు. అన్నీ సమానమే!

ఇంతకీ మూలకణాన్ని పట్టుకునేదెలా? కణం మీదున్న గుర్తును బట్టి! తిరుమల కొండ దిగొచ్చేవాళ్లను గుండు చూసి పోల్చుకోమూ? అలాగన్నమాట! ఈ గుర్తులనే మార్కర్లు అంటారు. వాటిలో పేరుమోసింది ఎల్‌జీఆర్‌5. నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం 2007లో ఎలుక పేగుల్లో దాని గుట్టు విప్పింది!

ఇప్పుడు అసలు రహస్యం! పుల్లటి తేన్పులు ఏళ్ల తరబడి వేధిస్తే కొందరిలో అన్నవాహిక అడుగున పొర తీరే మారిపోతుంది. దాన్ని బారెట్ అన్నవాహిక అంటారు. కొద్దిమందిలో అది క్యాన్సర్ దాకా పోతుంది. మరి ఆ మారిన కణాలు ఎక్కడివి? అన్నవాహికవే అనుకుంటున్నారు కదూ? 2012లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూసి నోరెళ్లబెట్టారు. ఎల్‌జీఆర్‌5 గుర్తున్న కణాలు పొట్ట పైఅంచు నుంచి ఎగబాకి వచ్చాయి! ముద్ద కిందికి పోయే దారిలో కణాలు పైకి!

మనుషుల్లోనూ అంతేనా? 2021లో కేంబ్రిడ్జ్ బృందం కణాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి తేల్చింది. అవును, పొట్ట కణాలే! ఇక్కడో తమాషా ఉంది. ఆ జబ్బుకు పేరిచ్చిన సర్జన్ నార్మన్ బారెట్ 1950లోనే ‘ఇది అన్నవాహిక కాదు, పైకి సాగిన పొట్ట’ అన్నాడు. కొందరు కాదన్నారు. పాపం, 1957లో తన మాట తనే వెనక్కి తీసుకున్నాడు! ఆయన చెప్పిన కారణం తప్పే. కానీ కణాల పుట్టిల్లు మాత్రం పొట్టే అయింది!

తగువు పూర్తిగా తీరిందా? తీరలేదు! అంతకుముందే, 2017లో, అదే కొలంబియాలో మరో బృందం పొట్టా అన్నవాహికా కలిసే సరిహద్దులో పీ63 మార్కరున్న కణాల్ని చూపించి, మూలం ఇవేనంది!

ఇదంతా ఒక రకం క్యాన్సర్ కథ. మన దేశంలో ఎక్కువగా కనబడేది రెండో రకం, పొలుసు కణాల క్యాన్సర్. ప్రపంచం మొత్తం మీద అన్నవాహిక క్యాన్సర్లలో 85 శాతం దాకా ఇదే! దీన్లో చాలాసార్లు పెచ్చరిల్లే జన్యువు సాక్స్‌2. ఎవరో తెలుసా ఈ సాక్స్‌2? జపాన్ శాస్త్రవేత్త యమనాక మామూలు చర్మకణాన్ని మూలకణంగా మార్చేసిన 4 జన్యువుల్లో ఒకటి! నోబెల్ తెచ్చిన జన్యువే ఇక్కడ కొంప ముంచుతోంది!

గుండె చిక్కబట్టుకోండి! ఏ జబ్బూ లేని నడివయసు మనిషి అన్నవాహికలో కూడా మారిపోయిన కణాలుంటాయి. కొందరిలో నాచ్‌1 అనే జన్యువు చెడిన కణాలే 80 శాతం దాకా! బ్రిటన్ శాస్త్రవేత్తలు 2018లో ఈ లెక్క చెప్పారు. భయపడకండి! ఎలుకల్లో చూస్తే, ఇలాంటి మారిన కణాలే పక్కన మొలకెత్తే బుల్లి కణితుల్ని గెంటేస్తున్నాయి! నాకైతే అన్నింటికన్నా ఇదే పెద్ద వింత!

ఇక ముప్పు తెచ్చే అలవాట్ల సంగతి. పొగాకు లేకుండా వక్క నమిలితే ఏమీ కాదనుకుంటున్నారా? పొరపాటు! ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే వట్టి వక్కనూ క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. టీ సంగతో? 65 డిగ్రీలు దాటిన వేడితో తాగితే అన్నవాహికకు ముప్పు ఉండొచ్చని అదే విభాగం మాట! టీ తప్పు కాదు, సెగ తప్పు. ఊదుకుని తాగండి!

మన తిరుపతిలోనే టీటీడీ స్థలంలో, టాటా ట్రస్టుల చేయూతతో 92 పడకల క్యాన్సర్ ఆసుపత్రి ఉందని తెలుసా? శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో మొదలైంది! గొట్టం పంపి లోపల చూసే ఎండోస్కోపీలో ప్రపంచ ప్రసిద్ధుడు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఎంబీబీఎస్ ఎక్కడ చదివారో? మన రాయలసీమలోనే, కర్నూలు మెడికల్ కాలేజీలో! 2025లో పద్మవిభూషణ్ వరించింది!

లోపలికి పంపే ఎండోస్కోపీ గొట్టం మందం ఎంతో తెలుసా? సుమారు 1 సెంటీమీటరే! మీరు మింగే ముద్ద అంతకన్నా లావు! కాబట్టి తిన్నది అడ్డం పడుతున్నట్టుంటే, సంగటి మాని గంజికి దిగాల్సొస్తుంటే, గొంతు నొప్పిలే అని నెట్టుకురాకండి. ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి!